పోయొస్త అనని ఊరోళ్లం

నాకు నౌకరి పక్కా అయింది. గీ మాట ఫోన్ల చెప్తే అమ్మ మొకం కనవడదని సూర్యాపేటల బస్సెక్కి మిర్యాలగూడ పోయిన. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. సైకాలజీ అంటే "పిచ్చి దవాఖాన్లనా బిడ్డా?" అని అడిగే అమ్మకు గీ పని ఎట్ల చెప్పాల్నో బస్సుల మొత్తం అనుకుంటనే ఉన్న.

యుద్ధం నడుస్తున్న దేశాలల్ల కుటుంబాలకు ధైర్యం చెప్పే కౌన్సిలర్లు ఉంటరు. వాళ్లకు ఆన్‌లైన్ల ట్రైనింగ్ ఇచ్చుడు నా పని. అందుకు ముందు ఒక ట్రయల్ క్లాసు. పాసైతెనే నౌకరి, లేకుంటే మళ్ల ప్రైవేటు స్కూల్ల పాఠాలే. కోదాడల అక్క వాళ్లింట్ల నెట్ మంచిగుంటదని ఆడ కూసొని చెప్పిన.

అవుతల క్లాసుకొచ్చిన కౌన్సిలర్లల్ల ఒకామె, కొడుకు చచ్చిపోయిన తల్లి లెక్క కూసున్నది. నేను ఆమె ఇంటికి పోయినట్టు చేసి చూపియ్యాలె. ఆమె మాట్లాడితే విన్న, ఊకుంటే నేనూ ఊకున్న. టైమైనంక మెల్లగ లేచి కెమెరా ముందలకెల్లి పక్కకు పోయిన.

తర్జుమా చేసేటాయన అన్నడు: "మేడం, చెప్పకుండ ఎందుకు పోయిన్రని ఆమె అడుగుతున్నది."

"మా దిక్కు చావింట్ల పోయొస్త అనం. మళ్ల గసొంటి పనికే రావాల్సొస్తదని భయం."

"మా ఇండ్లల్ల చెప్పకుండ పోయినోళ్లు తిరిగి రాలే" అన్నదామె. "మీరు గట్ల లేస్తే పిల్లలు దడుచుకుంటరు."

నన్ను పాస్ చెయ్యాల్సిన సూపర్‌వైజర్ మేడం చూస్తనే ఉన్నది. ఇగ ఖతం అనుకున్న. అయినా మళ్లొచ్చి కూసున్న.

"అమ్మా, నేను పోయొస్త. బుధవారం పొద్దుగాల వస్త. రాకుంటే ముందే ఫోన్ చేస్త."

చిన్నప్పటిసంది ఇంట్ల అనొద్దన్న మాట అది. ఆమె తలూపింది. అప్పుడు అందరినీ అడిగిన, మీ ఊర్లల్ల చావింట్లకెల్లి ఎట్ల లేస్తరని. తలొక తీరు చెప్పిన్రు. మిగిలిన క్లాసంత గదే నడిచింది.

తెల్లారి మేడం ఫోన్ చేసింది. "ఆ ప్రశ్నతోనే ఇగ మీ మొదటి క్లాసు మొదలువెట్టండి" అన్నది.

ఇంటికొచ్చి గిదంత చెప్తే అమ్మ విని, "చావింట్ల పోయొస్త అన్నవా?" అన్నది.

"అన్ననే."

"గందుకు నౌకరిచ్చిన్రా?"

"గందుకే."

"మీ నాయినమ్మ ముందల అనకు, కట్టె తీసుకుంటది."

నాకు అన్నం పెట్టి, వాకిట్లకు పోయి పక్కింటామెను పిలిచింది. "మా బిడ్డకు నౌకరొచ్చిందొదినా, వేరే దేశాలోళ్లకు పాఠాలు చెప్తదంట."

"ఏం పాఠాలు?" అని ఆమె అడిగింది.

"అవన్ని పెద్ద సదువుల ముచ్చట్లు, మనకేం తెలుస్తయి" అన్నది అమ్మ.