బ్యాంకాక్ కాలువలో మా డెమో

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పిచ్చి ఉండేది. ఏ ఊరు వెళ్లినా ఆ ఊరివాళ్లలాగే తిరగాలి, కొత్తదాన్నని ఎవరూ పసిగట్టకూడదు. (అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో రెండేళ్లుగా ఉంటూ పక్క వీధికి కూడా జీపీఎస్ పెట్టుకునేదాన్ని, అది వేరే సంగతి.) అలాంటి నన్ను, మా టీమ్ లీడ్ అక్కని కంపెనీ రెండు వారాల పని మీద బ్యాంకాక్ పంపింది. అక్కది వరంగల్, నాకంటే ఆరేళ్లు పెద్ద. మేం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడి ఆఫీసువాళ్లకి చూపించి ఒప్పించాలి. అక్క ప్రమోషన్ ఆ డెమో మీదే ఆధారపడి ఉంది.

డెమో రోజు పొద్దున అక్క ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని హోటల్ గుమ్మంలో నిలబడి, "క్యాబ్ బుక్ చెయ్," అంది.

"ఈ ట్రాఫిక్‌లో క్యాబ్ కదలదక్కా. ఇక్కడివాళ్లు కాలువ పడవలో ఆఫీస్‌కి వెళ్తారు. అంతా చదివాను," అన్నాను. (చదివింది ఒక బ్లాగ్, అదీ సగం.)

"తొమ్మిదిన్నరకి డెమో ఉన్నది. నీ ప్రయోగాలు గిప్పుడే చెయ్యాల్నా?" అని గొణుగుతూనే నా వెనక వచ్చింది.

పడవ రేవు దగ్గర ఆగినట్టే ఆగి కదిలిపోతుంది. అందరూ గెంతి ఎక్కుతుంటే మేమూ గెంతాం. నేను ఠీవిగా అంచున కూర్చున్నాను, అక్క నా పక్కన లోపలివైపు. ముందు వరసలో కూరగాయల సంచీతో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి, నన్ను చూసి ఏదో అంటూ చేత్తో లాగుతున్నట్టు సైగ చేసింది. పలకరిస్తోంది కాబోలనుకుని చేతులు జోడించాను. ఆవిడ గొంతు పెంచింది. నేను ఇంకా బాగా వంగి నమస్కరించాను. సరిగ్గా అప్పుడే ఎదురు పడవ వచ్చింది. అది లేపిన నల్లటి నీళ్లు వంగిన నా తల మీదుగా వెళ్లి తిన్నగా అక్క చొక్కా మీద పడ్డాయి.

"ఏందే గిది!" అని అరిచింది అక్క.

పెద్దావిడ లేచి, నా పక్కనే వేలాడుతున్న తాడు నా చేతిలో పెట్టి తనే లాగింది. పడవ పొడవునా ప్లాస్టిక్ పరదా పైకి లేచింది. ఎదురు పడవ వచ్చినప్పుడల్లా అంచున కూర్చున్నవాళ్లే దాన్ని లాగాలి! దిగేదాకా ఆ తాడు వదల్లేదు నేను. అక్క వైపు తిరిగి చూసే ధైర్యమూ చేయలేదు. గుండెలకి హత్తుకున్న లాప్‌టాప్ ఒక్కటే పొడిగా ఉంది.

మేం మీటింగ్ రూమ్‌లోకి వెళ్లగానే అందరూ మా వైపు తిరిగారు. వాళ్ల మేనేజర్, అంతవరకూ మా ముఖం చూసి ఒక్కసారీ నవ్వని మనిషి, అక్క చొక్కా మీది మరకని పరీక్షగా చూసింది.

"కాలువ పడవా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

అక్క తలూపింది.

"నేను రోజూ అందులోనే వస్తాను. మొదటి రోజు నాకూ ఇంతే," అంటూ ఆవిడ తన కుర్చీకి వేసి ఉన్న కోటు తీసి అక్కకిచ్చింది. గదంతా నవ్వింది. ఆ నవ్వుల్లో మొదలైన డెమో గంటలో ముగిసింది, వాళ్లు ఒప్పుకున్నారు. అక్క మాత్రం నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

మర్నాడు నేను బుద్ధిగా క్యాబ్ బుక్ చేయబోతుంటే అక్క నా ఫోన్ లాక్కుంది.

"పడవలనే పోదాం. అంచుకు నేను కూసుంట."

ఇప్పుడు ఏ కొత్త ఊళ్లో దిగినా, నాకేమీ తెలియదని ముందే చెప్పి దారి అడుగుతాను. ఎక్కడికైనా వేళకి, పొడి బట్టలతోనే చేరుతున్నాను. కానీ కదిలిపోతున్న పడవలోకి అలా గెంతిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.