పేరడిగిన రౌటర్

ఇంటర్నెట్టు బాగుచేసే మనిషి వస్తే కుర్చీ తుడిచి వేసి, చెంబుతో మజ్జిగ తెచ్చి, ఫ్యాను అతనివైపు తిప్పిన కాలం ఒకటుండేది. ఇప్పుడు చెబితే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. రెండువేల ఏడో ఎనిమిదో అయ్యుంటుంది. నంద్యాలలో ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తోంది. నేను డిగ్రీ ముగించి (ముగించడమంటే పరీక్షలు రాయడం వరకే, మిగతా సంగతి అడక్కండి) స్టేషన్ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపులో చేరాను. నాకున్న విద్యంతా ఒక అరచేతిలో పట్టేది. రౌటర్ లోపలి పేజీ తెరవడానికి 192.168.1.1 అని కొట్టాలి, పేరు అడిగితే admin, పాస్‌వర్డ్ అడిగినా admin. ఆ రెండు ముక్కలతో నేను ఎవరింట్లోకైనా ధైర్యంగా అడుగుపెట్టేవాణ్ణి.

ఆ ధైర్యం వెనక మా ఓనరన్న చెప్పిన పాఠం ఉంది. చేరిన రోజే కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పాడు. "సూడప్పా, ఇంట్లో నెట్‌వర్క్ అంటే వీధి లెక్క. రౌటర్ మొదటి ఇల్లు, దానికో నెంబరు. కంప్యూటర్లకు దాని ఎనకాల నెంబర్లు. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అన్నిటికీ ఒకటే నెంబరు, ఒకటే పేరు. డిఫాల్ట్ అంటారు. పోయిన ఎంటనే ఆ నెంబరు మార్చు. ఇంకోటి, ఎవురు చెయ్యి చాపితే వాళ్లకు తనంతట తానే నెంబరిచ్చే గుణం ఒకటుంటాది దానికి. అది ఆపెయ్. మన చేత్తో మనమిచ్చిన నెంబరే ఉండాల." పేరు మార్చమని కూడా చెప్పాడో లేదో నాకు గుర్తులేదు. చెప్పే ఉంటాడు.

అట్లా ఒక ఎండాకాలం నన్ను ఆళ్లగడ్డకు పంపాడు. విగ్రహాలు చెక్కే వాళ్ల ఇల్లది. లైన్ వాళ్లు వారం కిందటే వచ్చి ముందుగదిలో ఫోన్ పక్కన రౌటర్ పెట్టి, ఇంటర్నెట్ తగిలించి పోయారు. కంప్యూటరేమో ఇంటి వెనక, రాళ్లు చెక్కే పెద్ద రేకుల షెడ్డులో ఉంది. ఆ రెంటినీ తీగ లేకుండా కలపడం నా పని. ఇద్దరు ద్వారపాలకుల విగ్రహాల ఫోటోలు ఆ సాయంత్రం ఐదు లోపల కర్ణాటకలో ఒక గుడి కమిటీ వాళ్లకు చేరాలట. ఐదింటికి వాళ్లు కూర్చుని ఎవరికి పని ఇవ్వాలో తేలుస్తారట. ఆ ఇంటి కోడలు, నన్ను "తమ్ముడూ" అని పిలిచి ఆ సంగతంతా చెప్పి, "యాడాది పని తమ్ముడూ. అయితాది కదా?" అంది. "అరగంటక్కా" అన్నాను. (అరగంట అనేది ఆ రోజుల్లో నా నోటికి ఊతపదం.)

షెడ్డులోకి నన్ను తీసుకెళ్లింది పెద్దాయన, ఆమె మామ. కంప్యూటర్ ఒక మూల, పక్కింటి గోడకు ఆనించిన బల్ల మీద ఉంది. దాని పక్కనే మనిషెత్తు విగ్రహం, తల మీదినుంచి ఎర్రగుడ్డ కప్పి ఉంది. "ఆ గుడ్డ మాత్రం ముట్టద్దప్పా. అమ్మకు ఇంకా కండ్లు తెరిపీలేదు" అని చెప్పి, ఆయన భోజనానికి పోయాడు. పనివాళ్లూ పోయారు. పొద్దున్నుంచి చెవులు చిల్లులు పొడిచిన రాతి మిషన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో రేకులు ఎండకు టక్కు టక్కుమంటున్నాయి. ముట్టొద్దన్నది ముట్టకుండా ఉండే వయసు కాదు నాది. గుడ్డ అంచు రెండు వేళ్లతో ఎత్తి చూశాను. ముక్కు, పెదవులు, చెవులకు కమ్మలు, అన్నీ ఉన్నాయి. కళ్లుండాల్సిన చోట నున్నటి రాయి. చూపు లేదు గానీ, నావైపే తిరిగినట్టు ఉంది. గబుక్కున గుడ్డ వదిలేసి షాపు ల్యాప్‌టాప్ తెరిచాను.

నెట్‌వర్కుల జాబితాలో "default" అని ఒకటే పేరు. సిగ్నల్ నిండుగా ఉంది. 192.168.1.1 కొట్టాను, పేజీ తెరుచుకుంది. రౌటర్ నెంబరును 192.168.5.1 చేశాను. తనంతట తాను నెంబర్లిచ్చే గుణాన్ని ఆపేశాను. బల్ల మీది కంప్యూటర్‌కు నా చేత్తో ఒక నెంబరిచ్చాను. ఇంటర్నెట్ వచ్చింది. గడియారం చూస్తే ఇరవై నిమిషాలే అయింది. మొదటి ఫోటో పంపడం మొదలుపెట్టాను. సగం పోయి ఆగిపోయింది. రౌటర్ కొత్త నెంబరుకు పలకడం లేదు. ఎందుకో పాత నెంబరు కొట్టి చూస్తే అక్కడ పలికింది. లోపల నేను మార్చిన ఒక్క అక్షరం లేదు. అంతా డిఫాల్ట్. అప్పుడే డబ్బాలోంచి తీసినట్టుంది.

సేవ్ నొక్కడం మర్చిపోయానేమో అనుకుని మళ్లీ అన్నీ మార్చి, రెండుసార్లు సేవ్ నొక్కాను. పది పదిహేను నిమిషాలు బాగానే ఉంది. మళ్లీ పోయింది. మళ్లీ చూస్తే మళ్లీ డిఫాల్ట్. ఈసారి లేచి ముందుగదికి పోయాను. కోడలక్క కూరగాయలు తరుగుతోంది. "అక్కా, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?" అంటే, "నేనీడనే ఉండా. ఎవురూ రాలే. దీపాలు గూడా ఆరలే" అంది. రౌటర్ దీపాలు నిదానంగా వెలుగుతున్నాయి. ఆరిపోయి మళ్లీ వెలగకుండా అంతా తుడిచిపెట్టుకుపోవడం ఎట్లా అన్నది నాకు అర్థం కాలేదు. షెడ్డులోకి తిరిగొచ్చేసరికి ఎర్రగుడ్డ అంచు కొంచెం కదులుతోంది. గాలికే అయ్యుంటుంది. కానీ అక్కడ గాలి లేదు.

మూడోసారీ అన్నీ మార్చాను. మనసులో ఒక లెంపకాయ వేసుకుని, "తల్లీ, తెలీక చూసినా" అని మొక్కుకుని మరీ సేవ్ నొక్కాను. (రౌటర్ సెట్టింగులు సేవ్ చేసేటప్పుడు దేవతకు మొక్కిన టెక్నీషియన్ మా షాపులో నేనొక్కణ్ణే.) అయినా లాభం లేకపోయింది. మూడున్నర దాటింది. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. రౌటర్‌ను పూర్తిగా ఆపి, ఐదు నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ పెడదామని ముందుగదికి పోయి, దాని తీగలన్నీ పీకి, చేత్తో పట్టుకుని షెడ్డులోకి తెచ్చుకున్నాను. ఎడమచేతిలో రౌటర్. ఒక్క దీపం లేదు, తీగ లేదు, వట్టి ప్లాస్టిక్ డబ్బా. కుడిచేత్తో అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్‌లో పేజీ మళ్లీ తెరిచాను. తెరుచుకుంది.

కరెంటు లేని డబ్బా చేతిలో ఉంది, దాని లోపలి పేజీ ఎదురుగా తెర మీద ఉంది. చూస్తుండగానే పేజీ ఆగిపోయింది. నెట్‌వర్కుల జాబితా తెరిచాను. "default" లేదు. ఆ చోట, ఇంగ్లీషు అక్షరాలతో, కొత్త పేరొకటి ఉంది. YEVARU NUVVU.

(ఈ రౌటర్‌ను తీగతో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూసి ఉంటే అంతా రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ ఇది ఇప్పటి తెలివి. అప్పటి నాకు తట్టిన తెలివి ఒక్కటే, పరుగు.)

వాకిట్లో పెద్దాయనకు ఎదురుపడ్డాను. నా ముఖం చూసి ఆయన అడిగిన మొదటి మాట, "గుడ్డ ఎత్తినావా?" అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. తలూపాను. ఆయన కోడల్ని కేకేసి షెడ్డువైపు నడిచాడు. తిట్టుంటే బాగుండేది. ముగ్గురం షెడ్డులోకి వచ్చాం. తెర మీది పేరు కోడలక్క చదివి మామకు చెప్పింది. ఆయన గోడవైపు చూసి, "ఆ పక్కింట్లో ఎవురూ లేరే. ఎక్స్‌చేంజి పెద్దమ్మ మొగుడు పోయినాక చెల్లెలింటికి పోయింది. ముందు వాకిలికి తాళమేసి ఆర్నెల్లాయె" అన్నాడు. నిజానికి అప్పటిదాకా నేను పక్కింటి మాట అననే లేదు. ఆయన గోడవైపు ఎందుకు చూశాడో ఆయనకే తెలియాలి.

ఎక్స్‌చేంజి పెద్దమ్మంటే ఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఆవిడట. కోడలక్క మాత్రం కొంగు నడుముకు చెక్కి, "దెయ్యమో మనిషో, అడిగినప్పుడు జవాబు చెప్పాల కదా తమ్ముడూ. చెప్పు" అంది. "ఎట్లక్కా?" అన్నాను. "అది అడిగినట్లే."

ఆ పేరు మీదే నొక్కి లోపలికి పోయాను. పేరు రాసే గడిలో NANDYAL COMPUTER SHOP అని కొట్టాను. (అంత భయంలోనూ షాపుకు ప్రచారం చేశానని ఓనరన్న తర్వాత మెచ్చుకున్నాడు.) రెండు నిమిషాలు ముగ్గురం తెర చూస్తూ కూర్చున్నాం. ఆ పేరు పోయింది. ఇంకొకటి వచ్చింది. NAA INTLO NEEKEM PANI. మళ్లీ కాసేపటికి అదీ పోయి, VENAKA VAAKILI. RAA.

వెనక సందులోకి ముగ్గురం పోయాం. ముందు నన్ను నడిపించారు. పెద్దాయన చేతిలో సుత్తి ఉంది. పక్కింటి వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. "పెద్దమ్మా" అని కోడలక్క పిలిచింది. జవాబు లేదు. గట్టిగా పిలిచింది. లేదు. లోపల చీకటి గదిలో, సరిగ్గా మా గోడకు అవతల, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ మాకు వీపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పెద్దాయన గొంతు చించుకుని పిలిచినా కదల్లేదు. నేను ఒక్కడుగు వేశాను. నా నీడ తెర మీద పడింది. అప్పుడు నెమ్మదిగా తిరిగింది.

"ముగ్గురొచ్చినారా" అంది. గొంతు మామూలు గొంతే, కొంచెం గట్టిగా ఉంది. "అరవద్దండి. ఈ మధ్య నాకు బొత్తిగా ఇనపడదు. రాయండి." బల్ల మీద నోటుపుస్తకం, పెన్ను పెట్టి ఉన్నాయి. పక్కనే ఆవిడ రౌటర్, అచ్చం మాదానికి కవల. దాని పేరూ default అనే ఉండేది, గోడకు దగ్గర కాబట్టి ఇంతసేపూ నేను మార్చింది దీన్నే. దాని వెనక చిల్లులో గుచ్చిన పిన్నీసు ఇంకా అట్లాగే ఉంది. గుచ్చి పట్టుకుంటే అంతా డిఫాల్ట్‌కు వచ్చేస్తుంది. చెల్లెలి కొడుకు వారం కిందట ఆవిడను దించి, ఇంటర్నెట్ పెట్టించి, చెడితే ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చి పోయాడట. ముందు తాళం తుప్పు పట్టి రాకపోతే వెనక వాకిలే వాడుకుంటోందట. రాతిమిషన్ రొదలో పక్కింటివాళ్లకు ఆవిడ వచ్చింది తెలియలేదు, ఆవిడకు వాళ్ల రొద తెలియలేదు.

"హైదరాబాద్‌లో మా చెల్లెలికి ఆపరేషన్" అంది నావైపు చూస్తూ. "దాని కూతురు ఆడనుంచి రాస్తాంది. డాక్టర్ బయటికొచ్చినాడు పెద్దమ్మా, ఏమన్నాడంటే, అని రాసేలోపల నువ్వు కోసేసినావు. మూడుసార్లు పిన్నీసు గుచ్చి కాగితం చూసి మళ్లా పెట్టుకొన్యా. ముప్పై ఏండ్లు ఎక్స్‌చేంజిలో చేసినా నాయనా. రాంగ్ నెంబర్ తగిలితే ఒకసారి తగులుతాది. సారీ అని పెట్టేస్తారు. నువ్వు మూడుసార్లు కొట్టినావు."

నేను పెన్ను తీసి "సారీ" అని రాశాను. కోడలక్క నన్ను భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. "ముందు ఈమెది చెయ్యి. మా ఫోటోలు తర్వాత." ఆవిడ కాగితం చూస్తూ ఆవిడ సెట్టింగులన్నీ మళ్లీ పెట్టాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ రౌటర్‌నూ ముట్టుకోలేదు. చాట్ తెరుచుకుంది. అవతలినుంచి ఒకదానికింద ఒకటి పది లైన్లు వచ్చి పడ్డాయి. పెద్దమ్మా ఉన్నావా, పెద్దమ్మా ఏమైంది, పెద్దమ్మా పలుకు. అన్నిటికంటే కింద, "ఆపరేషన్ బాగా అయింది. తెలివొచ్చింది. కాఫీ ఇయ్యలేదని నర్సుతో కొట్లాడతాంది."

ఆవిడ అది రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. పెద్దాయన సుత్తిని నెమ్మదిగా వీపు వెనక్కు దాచుకున్నాడు. కోడలక్క గోడకు చెయ్యి ఆనించి, "వారం నుంచి ఈడ మనిషుందని మాకు తెలీదు మామా" అంది.

ఐదుకు ఇరవై నిమిషాలుండగా ఫోటోలు పోయాయి. రెండిళ్ల నెట్‌వర్కులకూ వేరువేరు పేర్లు, పాస్‌వర్డ్‌లు పెట్టాను. ఆ పని శిల్పుల ఇంటికే వచ్చింది. నంద్యాల బస్సెక్కేముందు పెద్దాయన నాకొక్కటే చెప్పాడు. "ముట్టద్దంటే ముట్టగూడదప్పా. అమ్మకోసం కాదు, నీకోసం."

నెల తర్వాత కోడలక్క షాపుకు ఫోన్ చేసి నన్నే పంపమంది. ఈసారి పని వేరు. గోడకు చిల్లు వేయించి పెట్టింది. అందులోంచి తీగ వేసి రెండు కంప్యూటర్లనూ ఒకే నెట్‌వర్కులో కలిపాను. చారులోకి చింతపండు ఉందా అని అక్క ఇవతలినుంచి కొడితే, ఎక్స్‌చేంజి పెద్దమ్మ అవతలినుంచి ఉందని కొట్టేది. ఆ పని చూసుకుని పోతూ ఆవిడ దగ్గర కాసేపు కూర్చున్నాను. అప్పటికి నాకు కాస్త చనువొచ్చింది. నోటుపుస్తకం తీసి, ఆ రోజు మన ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారు పెద్దమ్మా అని రాశాను. నాకంటే ఆవిడే ఎక్కువని చెబితే నాకు కొంచెం పరువు దక్కుతుందని ఆశ.

చదివి నవ్వింది. మాటతో చెప్పకుండా పెన్ను తీసుకుని, నేను రాసిన దాని కింద పొందికైన అక్షరాలతో రాసింది. "నేను భయపడలే. ఎవరో ఒకరొచ్చినారు లే అనుకొన్యా."

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బస్సుకు టైమైందని రాసి లేచాను. బస్సు ఇంకా గంటకుంది. ఇప్పుడైతే ఆ గంటా అక్కడే కూర్చునేవాణ్ణి.