కుబుసం విడవని కొండచిలువ

గల్ఫులో, అజైబా అనే పేటలో కంపెనీ ఇంజనీరు కోలిన్‌కు ఒక విల్లా, విల్లాలో ఒక గాజుపెట్టె, అందులో బారెడు ఆఫ్రికా కొండచిలువ ఉండేవి. తొంభై నాలుగు ఎండాకాలంలో ఆయన సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ, విల్లాలోనే ఉండి చూసుకొమ్మని పామును లింబాద్రికి అప్పగించాడు. లింబాద్రిది ఆర్మూరు పక్క పల్లె. కొత్తగా పోసిన స్లాబు మీద గోనెసంచులు పరిచి, అవి ఆరకుండా పొద్దంతా తడపడం సైట్‌లో అతని డ్యూటీ. అడిగితే తప్ప నోరు విప్పడు. అలాంటివాడికి పామే సరైన జోడీ అనుకున్నాడేమో దొర.

పెట్టెలో ఒక మూల వేడి బల్బు. రెండో మూల చల్లగా ఉండాలి, నీళ్ళగిన్నె అక్కడ. గాజుకు అతికించిన చిన్న డయల్ గాలిలో తేమ ఎంతుందో చెబుతుంది. దాని ముల్లు నడుమ నిలబడాలి. ఇదీ దొర చెప్పిన పాఠం.

శుక్రవారం హమ్రియాలోని పాత రూమ్‌కు వెళ్తే, ఏళ్ళ తరబడి ఒకే కంచంలో తిన్న భూమేశ్ గడపలోనే ఆపేశాడు.

"లోపలికి రాకు లింబన్నా. సర్పాన్ని డబ్బల ఏసి సాదుతున్నవ్. ఆ పాపం మాకు గూడ సుట్టుకుంటది."

"తానం జేసే వచ్చిన."

"తానంతోని పోయేదా అది?"

పంచమి నాడు పుట్టకు దండం పెట్టే ఊరివాళ్ళు, వాళ్ళ భయం వాళ్ళది. అయినా గ్లాసెడు చాయ బయటికి తెచ్చి ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? లింబాద్రి గడప నుంచే తిరిగి అజైబా బస్సెక్కాడు. చుట్టుపక్కల విల్లాల వాళ్ళంతా సెలవులకు వెళ్ళిపోయారు. ఆ వారమే అతను పాముతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏం బిడ్డా, ఉడుకపోస్తున్నదా?" అని పొద్దున్నే పలకరించేవాడు. ఊరి సంగతులు చెప్పేవాడు. అంత మాట్లాడగలడని అతనికే తెలియదు.

కొన్నాళ్ళకు పాము తిండి మానేసింది. ఒళ్ళు మసకబారి, కళ్ళ మీద పాలపొర కమ్మింది. కుబుసం విడిచే కాలమని పోల్చుకున్నాడు కానీ, చర్మం మూతి దగ్గర చిట్లి అక్కడే ఆగిపోయింది. ముల్లు అట్టడుగున ఉంది. బయట సముద్రపు గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతుంటే, ఇంట్లో ఏసీ, పైన బల్బు కలిసి పెట్టెలో తడినంతా పీల్చేశాయి. ఆరితే తడపాలి, అతనికి తెలిసిన విద్య అదొక్కటే. గోనెసంచి నానబెట్టి పెట్టెనిండా పరిచి, పూటపూటా నీళ్ళు కొట్టాడు. ముల్లు పైకి ఎగబాకింది. స్లాబయితే గట్టిపడేదే. పాము మాత్రం నీరసించింది, పొట్ట కింద ఎర్రటి పొక్కులు లేచాయి. పెట్టె ముక్కవాసన వేసింది.

లింబాద్రి భయపడ్డాడు. కొలువు పోతుందని కాదు, ఇది పోతే ఇక పలకరించడానికి ఎవరూ ఉండరని. అంతవరకూ ముట్టని పామును రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, మెత్తటి గుడ్డతో పొట్ట తుడిచాడు. గోనె పారేసి పొడి కాగితాలు పరిచాడు. ప్లాస్టిక్ డబ్బాకు బెజ్జం కోసి, గట్టిగా పిండిన తువాలు అందులో ఉంచి చల్లటి మూలన పెట్టాడు. పాముకు తడి కావాలంటే అందులో దూరుతుంది, వద్దంటే బయటికొస్తుంది. ఏసీ తగ్గించి తను చెమటలో తడిశాడు. పొక్కులు మెల్లగా ఎండాయి. ఒక పొద్దున డబ్బాలోంచి పాము నిగనిగలాడుతూ బయటికొచ్చింది. వెనక కుబుసం, కళ్ళ పొరలతో సహా ఎక్కడా చిరగకుండా పడి ఉంది. లింబాద్రి సంతోషం పట్టలేక ఏడ్చాడు. ఎవరికైనా చూపిద్దామంటే ఎవరున్నారు?

కోలిన్ వచ్చి చూసి భుజం తట్టాడు. తన కాంట్రాక్టు ముగిసిందనీ, పాము జబ్బుపడి ఉంటే పంపడం కుదిరేది కాదనీ, ఇప్పుడు దుబాయ్‌లోని స్నేహితుడికి ఇచ్చేస్తున్నాననీ చెప్పాడు. తన సెలవు కోసం కూడా ఏనాడూ నోరెత్తని లింబాద్రి "సార్, ఏక్ హఫ్తా" అని బతిమాలాడు. ఆ వారం గడువు దేనికో దొరకు అర్థం కాలేదు. కారు అప్పటికే వచ్చి ఉంది.

పెట్టెను లింబాద్రే మోసుకెళ్ళి వెనక సీట్లో పెట్టాడు. డ్రైవరు కడప ఖాదర్‌వలి.

"ఏసీ తగ్గించన్నా. దారిల జెర దానితోని మాట్లాడుకుంట పో."

"పాముకు చెవులుండవు గదప్పా," అన్నాడు ఖాదర్‌వలి.

"నాకెర్కే అన్నా. అయినా మాట్లాడు."