పెదవులు చదివిన పాపానికి

మా నాయనకు చెవుడు వచ్చిందని మొదట కనిపెట్టింది మా అమ్మ కాదు, నేనూ కాదు. ఒక బస్సు కండక్టరు. తిరుపతి నుంచి వస్తూ వడమాలపేటలో దిగాల్సిన మనిషి పుత్తూరు దాకా పోతే, తిరుగు బస్సులో ఎక్కించుకొచ్చి మా ఊరి స్టాపులో దించాడు ఆయన. నేను టైపు క్లాసుకు పోవడానికి అదే బస్సు కోసం నిలబడి ఉన్నాను.

"వడమాలపేట, వడమాలపేట అని నాలుగు సార్లు అరిసినాను పాపా. పక్కనే నిలబడి అరిసినా" అన్నాడు కండక్టరు.

"నిద్ర పట్టేసినాది లేప్పా" అన్నాడు నాయన, ఆయన పెదవుల వైపు చూస్తూ.

కండక్టరు నాతో మెల్లగా, "కండ్లు తెరుసుకొనే ఉండాడు. చెవులు చూపించండి" అని చెప్పి ఈల వేశాడు. ఆ ఈల కూడా నాయనకు వినపడలేదని ఆ రోజే నాకు తెలిసింది.

డెబ్బైల చివరి మాట ఇది. నాయన ఇరవై రెండేళ్ళుగా నూలు మిల్లులో పనిచేస్తున్నాడు. దారం వడికే యంత్రాలు వరసగా తిరిగే షెడ్డు అది. ఒకసారి అన్నం క్యారియరు ఇవ్వడానికి గుమ్మం దాకా పోయి నిలబడితే, ఆ రొద నా పళ్ళలోకి కూడా ఎక్కింది. లోపల ఎవరూ నోటితో మాట్లాడుకోరు. పెదవులు పెద్దగా కదిపి, చేతులు తిప్పి చెప్పుకుంటారు. అక్కడ చెవుడు ఉన్నా లేనట్టే. షిఫ్టు దిగాక అందరూ గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు కాబట్టి, మిల్లు మనుషుల గొంతే అంత అని ఊళ్ళో అనుకునేవాళ్ళం. మా అమ్మ మాత్రం, "ఈ మనిషికి నేను చెప్పేది ఎప్పుడు పట్టింది గనక" అని దాన్ని ఆయన గుణం కింద జమ కట్టేసింది.

మొదట మేము చేసిన తెలివితక్కువ పని తిరుపతిలో రేడియోలు, గడియారాలు అమ్మే షాపుకు పోవడం. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బొత్తాం. షాపాయన పరీక్ష ఏమీ చేయలేదు. చెవిలో బొత్తాం కుక్కి, "వినపడతా ఉందా పెద్దాయనా?" అని కేక పెట్టాడు. ఆ కేకకు మిషన్ లేకపోయినా వినపడేది. నాయన సంతోషంగా తలూపాడు.

ఇంటికి వచ్చాక తెలిసింది దాని సంగతి. డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుంటే, జేబు గుడ్డ రాసుకునే చప్పుడు కొండచరియ విరిగిపడినట్టు వినిపిస్తుందట. గిన్నె కింద పెడితే ఆయన ఉలిక్కిపడేవాడు. మాటలు మాత్రం వచ్చేవి కావు.

"అమ్మ ఏదో అంటా ఉందని తెలస్తాది పాపా. ఏమంటా ఉందో తెలీదు" అన్నాడు.

వారం తిరక్కుండా వెనక్కు తీసుకుపోతే, "చెవిలో పెట్టినది యాడన్నా వాపసు తీసుకుంటారామ్మా" అన్నాడు షాపాయన.

అప్పుడు పోయాము మిల్లువాళ్ళ బీమా ఆసుపత్రికి. నాయన జీతంలో నెలనెలా ఆ బీమాకు కోత పడేది. ఇన్నేళ్ళలో దాన్ని వాడుకున్నది రెండు జ్వరాలకు, ఒక వేలి గాయానికి. అక్కడి డాక్టరు వయసు మళ్ళినాయన, ఓపికమంతుడు. చెవిలోకి దీపం వేసి చూసి, చిన్న ఇనుప కడ్డీని మోగించి, చెవి వెనక ఎముకకు ఆనించి, చాలాసేపు పరీక్ష చేశాడు.

"రొదలో పనిచేసి చెవి లోపలి నరం చాలావరకు దెబ్బతిందమ్మా. మందు లేదు. చెవిని సరిగ్గా పరీక్ష చేసి, చెవి కొలతకు అచ్చు తీసి, ఏ శబ్దం తక్కువగా వినపడుతోందో ఆ శబ్దాన్నే పెంచే మంచి మిషన్ పెట్టుకుంటే మాట అందుతుంది. నువ్వు కొన్న డబ్బా అన్నిటినీ కలిపి పెంచుతుంది, అందుకే రొద" అన్నాడు.

అలాంటి మిషన్ మద్రాసులో దొరుకుతుందన్నాడు. ఖరీదు విన్నాక నాయన పెదవులు చదవడం ఆపేసి గోడ వైపు చూశాడు. బీమా వాళ్ళు ఇస్తారా అని అడిగాను. కళ్ళజోడుకు, కట్టుడు పళ్ళకు, చెవి మిషన్‌కు మామూలుగా ఇవ్వరట. మిల్లు పని వల్లే చెవుడు వచ్చిందని పెద్ద డాక్టర్ల బోర్డు రాసిస్తే కొంత ఇస్తారట. ఆయనే మా తరఫున కాగితం రాసి పంపాడు.

బోర్డు పిలుపు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నాయనకు పెదవులు చదవడం నేర్పాను. మిల్లులో సగం వచ్చిన విద్యే అది. నేను దానికి సాన పెట్టాను. మధ్యాహ్నం వెలుతురు నా ముఖం మీద పడేటట్టు కూర్చుని, గొంతు లేకుండా మాటలు పలికేదాన్ని. ఆయన చెప్పేవాడు. 'మామ', 'పాప', 'బాబా' మూడూ పెదవుల మీద ఒకటే. ముందు మాట, వెనక మాట చూసుకొని ఏదో కనిపెట్టాలి. తప్పు చెబితే చిన్నపిల్లాడిలా నవ్వేవాడు, మళ్ళీ అనమనేవాడు. ఎనిమిది నెలలకు ఎదురుగా ఉండే మనిషితో ఆయన మాట్లాడుతుంటే చెవుడని ఎవరూ అనుకోలేనంతగా ఆరితేరాడు. ఇంట్లో మళ్ళీ మాటలు మొదలైనాయని అమ్మ మురిసిపోయింది.

బోర్డు కూర్చున్న ఊరికి రైల్లో పోవాలి. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. మూలన చెవి పరీక్ష చేసే యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. రిపేరుకు రాశామన్నారు. నన్ను గుమ్మం దగ్గరే ఆపి నాయనను బల్లకు ఎదురుగా నిలబెట్టారు. కిటికీ వెలుతురు నేరుగా వాళ్ళ ముఖాల మీద పడుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు?" అని అడిగాడు నడిమి డాక్టరు, మామూలు గొంతుతో.

"ఐదారేండ్లుగా సార్."

"ఎవరితో వచ్చావు?"

"మా పాపతో సార్. టైపు నేర్చుకుంటా ఉండాది."

డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వారు. వాళ్ళెందుకు నవ్వారో నాకు అర్థమైంది.

"సార్, ఆయన మీ పెదవులు చూసి చెప్తున్నాడు. వెనక నిలబడి అడగండి సార్" అన్నాను గుమ్మంలోంచే.

"నిన్ను పిలవలేదు కదమ్మా" అన్నాడు నడిమి ఆయన. కానీ పక్కనున్న కుర్ర డాక్టరు లేచి, నాయన వెనక్కు పోయి, బూటుతో నేలను గట్టిగా తన్నాడు. అది చెక్క నేల. యంత్రాల అదురు పాదాలతో పసిగట్టి ఇరవై రెండేళ్ళు వేళ్ళు కాపాడుకున్న మనిషి మా నాయన. తటాలున వెనక్కు తిరిగాడు. కుర్ర డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. అంతే, పరీక్ష అయిపోయింది.

బయటికి వచ్చాక నాయన ముఖం వెలిగిపోతోంది. "అన్నిటికీ కరెక్టుగా చెప్పినాను కదా పాపా?"

"చెప్పినావు నాయనా" అన్నాను.

ఆరు వారాలకు వచ్చింది ఉత్తరం, ఇంగ్లీషులో. సంభాషణకు తగినంత వినికిడి ఉన్నది, పరికరం అవసరం లేదు. నాయనకు తెలుగే వచ్చు. చదివి చెప్పమన్నాడు. నేను ఆయన కళ్ళ ముందు పెదవులు కదిపి అబద్ధం చెప్పాను.

"ఈ ఏడు ఇచ్చే మిషన్లు అయిపోయినాయంట నాయనా. మళ్ళా అడగమన్నారు."

ఆ నెలలోనే మిల్లు నుంచి ఇంకో కాగితం. చెవుడని నువ్వే అర్జీ పెట్టుకున్నావు కాబట్టి తిరిగే యంత్రాల దగ్గర నీకు ప్రమాదం, పనికి అనర్హుడివి. ఒక కాగితం ప్రకారం ఆయన బాగా వినే మనిషి, అందుకని మిషన్ లేదు. ఇంకో కాగితం ప్రకారం వినలేని మనిషి, అందుకని పని లేదు.

రెండూ పట్టుకొని మిల్లు ఆఫీసుకు పోయాను. "బీమావాళ్ళ మాట బీమావాళ్ళది, మాది మాదమ్మా. రేపు ఆయన చెయ్యి పోతే నువ్వొచ్చి ఏడుస్తావు" అన్నాడు అక్కడి ఆఫీసరు. బీమా ఆఫీసులో గుమాస్తా రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "విచిత్రంగానే ఉంది" అన్నాడు. అప్పీలు రాసుకొమ్మన్నాడు. రాసి ఇచ్చాను. అది ఏ బీరువాలోకి పోయిందో దాదాపు రెండేళ్ళు జాడ లేదు.

అప్పటికి నాకు చిత్తూరులో ఒక వకీలు దగ్గర టైపిస్టు పని దొరికింది. మంచి మిషన్ కోసం కనపడినవాళ్ళందరినీ అడిగేదాన్ని. ఇది చూసి వకీలు దగ్గరికి ఆస్తి కాగితాల కోసం పలమనేరు నుంచి వచ్చే ఒక పెద్దావిడ, "మా ఇంటాయన పెట్టుకునేది ఒకటుంది అమ్మణ్ణీ. మద్రాసులో చేయించినాము. ఆయన పోయినాక బీరువాలో ఊరికే పడుండాది" అంది. మరుసటి వాయిదాకు తెచ్చింది. చెవి వెనక దాగిపోయే చిన్న మిషన్. అడిగిన ధర నా రెండు నెలల జీతంలోపే. అచ్చు మాత్రం ఆ చనిపోయిన ఆయన చెవిది. నాయన చెవిలో పెడితే వదులై, కుయ్యిమని కూత వేసింది.

మళ్ళీ బీమా ఆసుపత్రి ముసలి డాక్టరే దారి చూపాడు. కట్టుడు పళ్ళు చేసే ఒకాయన తిరుపతిలో ఉన్నాడు. పళ్ళకు అచ్చు తీసేవాడు చెవికి తీయలేడా అన్నాడు. ఆ పళ్ళాయన రెండు సార్లు పాడుచేసి, మూడోసారి సరిగ్గా చేశాడు. చిగుళ్ళకు వాడే గులాబీరంగు సరుకుతోనే. డాక్టరు చిన్న స్క్రూ తిప్పి మిషన్‌ను సరిచేశాడు.

నాయన గుమ్మం వైపు తల తిప్పాడు. "బయట ఎవరో ఊడస్తా ఉండారు" అన్నాడు. నిజమే, వరండాలో ఆయమ్మ చీపురు. నేను వెనక నుంచి మెల్లగా "నాయనా" అన్నాను.

తిరగకుండానే అన్నాడు. "నీ గొంతు మారిపోయినాది పాపా. పెద్దమనిషి గొంతు."

అంతటితో కథ ముగిసిపోతే ఎంత బాగుండేది. పది రోజులకు నాయన నాకు చెప్పకుండా బీమా ఆఫీసుకు పోయాడు, అప్పీలు సంగతి తానే కనుక్కుందామని. చెవి పనిచేస్తున్న హుషారు. గుమాస్తా ఫైలు తీసి, అందులో ఉన్నదంతా తెలుగులో విడమరిచి చెప్పాడు. నేను ఆదివారం ఇంటికి వచ్చేసరికి నాయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు.

"బోర్డులో నేను బాగా చెప్పినందుకే మిషన్ ఈలేదంట. అవునా?"

నేను తలూపాను.

"నువ్వు అప్పుడే ఎందుకు చెప్పల్యా?"

"బాధపడతావని నాయనా."

"చెవిటోడికి ఏమి చెప్పినా చెల్లుతాదని మిల్లోళ్ళు అనుకున్నారు, బీమావోళ్ళు అనుకున్నారు. నువ్వు గూడానా పాపా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అప్పీలుకు జవాబు ఆ ఏడాది చివర వచ్చింది. దయతలచి కొంత మొత్తం మంజూరు చేస్తున్నాము, కొత్త మిషన్ కొన్నట్టు షాపు బిల్లు జతచేయవలెను. మాది పాత మిషన్, బిల్లు లేదు. ఎవరిదగ్గరైనా ఒక బిల్లు రాయించుకొస్తానన్నాను. నాయన ఒప్పుకోలేదు.

"వినపడతాదనీ రాసినారు, వినపడదనీ రాసినారు. అబద్ధాలు వాళ్ళ దగ్గరే ఉండనీ. మనకొద్దు."

ఇరవై రెండేళ్ళు కోసుకున్న బీమా ఆయన చెవికి ఒక్క పైసా ఇవ్వలేదు. మిల్లు మళ్ళీ పిలవలేదు. మామిడికాయల కాలంలో చిత్తూరు మండీలో కాపలా పని చేసేవాడు, మిగతా కాలం ఇంట్లో. మిషన్ ఆయన పోయేదాకా పనిచేసింది. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు. తిన్నావా అనేవాడు, బస్సు దొరికిందా అనేవాడు. కానీ ఆ తర్వాత ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, నేను ఇంట్లో ఉన్నా సరే, మడిచి జేబులో పెట్టుకొని పోస్టుమాస్టరు దగ్గరికి నడిచిపోయి చదివించుకొని వచ్చేవాడు.