ఒక్కసారి తొక్కితే ఆగాలి

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో మా ఇంటి ముందు ఒక పాత కారు ఉండేది. పంజాగుట్ట అవతల ఒక స్కూల్లో అమ్మకి టీచరు ఉద్యోగం వచ్చింది. నాన్న ఎప్పుడూ టూర్ల మీదే ఉండేవారు కాబట్టి నన్నూ తమ్ముణ్ణీ ఎక్కించుకుని అమ్మే ఆ కారు నడుపుకుంటూ వెళ్లాలి. సోమవారం చేరాలనగా, ఆదివారం పొద్దున్నే నాన్నగారి నాన్న, మా తాతయ్య, సరిగ్గా పడని బ్రేకుల్ని తనే బాగు చేస్తానని పంచె ఎగ్గట్టాడు. రిటైరయ్యాక ఇంట్లో ఏ వస్తువునీ ఆయన మెకానిక్కుని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఫ్యానూ, కుట్టుమిషనూ, నీళ్ల పంపూ అన్నీ ఆయనే విప్పేవాడు. కొన్నిటిని మళ్లీ బిగించేవాడు కూడా.

మధ్యాహ్నానికి చక్రాలన్నీ ఎక్కించాక అమ్మ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. వెంటనే మళ్లీ తొక్కితే గట్టిపడింది. పైవాటాలో అద్దెకుండే కుర్రాడు, మేం అన్న అని పిలిచే అతను, మెట్లు దిగుతూ చూసి, "గింత దానికి ఫికర్ ఎందుకు తాతా? రెండుసార్లు తొక్కితే మస్తు పడ్తుంది గదా" అన్నాడు. అమ్మకీ అది సబబుగానే తోచింది. "నేను నెమ్మదిగానే పోనిస్తాను లెండి మావయ్యగారూ" అంది.

తాతయ్య చేతిలోని ఆయిల్ గుడ్డని ఉండచుట్టి హఠాత్తుగా అన్న మీదికి విసిరాడు. అది అతని ఇస్త్రీ చొక్కాకి తగిలి కింద పడింది. "అరె, చెప్పి ఎయ్యాలె గదా తాతా! మళ్లొకసారి ఎయ్యి, పట్టుకుంట" అన్నాడతను. "రోడ్డు మీద అడ్డొచ్చేవాడు చెప్పి రాడయ్యా. మళ్లొకసారి రాడు కూడా" అన్నాడు తాతయ్య. అన్న తప్ప అందరం నవ్వాం.

బ్రేకు ఆయిల్ గొట్టాల్లో గాలి చేరిందని ఆయన తేల్చాడు. దాన్ని ఆయిల్‌తో పాటు బయటికి తోసెయ్యాలి. నేను సీటు అంచున కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటే, ఆయన చక్రం వెనక చిన్న మర వదులు చేసేవాడు. అమ్మ పట్టుకున్న సీసాలోకి బుడబుడమని బుడగలు వచ్చేవి. ఆయన మర బిగించి "ఊఁ" అన్నాకే నేను కాలు తియ్యాలి. బానెట్ కింద డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోసే పని నాయనమ్మది.

చివరి చక్రం దగ్గర ఉండగా వంటింట్లో కుక్కర్ కూతలు మొదలుపెట్టింది. పప్పు మాడిపోతుందని నాయనమ్మ లోపలికి పరుగెత్తింది. ఆవిడ తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ అయిపోయి, గొట్టాల్లోకి మళ్లీ గాలి పోయింది. అంతసేపు పడ్డ శ్రమ గంగపాలు. తాతయ్య నాయనమ్మని ఒక్క మాట అనలేదు. ఆవిడకి పీట తెచ్చి వేసి, మాకు మంచినీళ్లిచ్చి, "మళ్లీ మొదటి నుంచి" అన్నాడు. నాకు కాళ్లు లాగేస్తున్నాయి, ఏడుపు తన్నుకొస్తోంది. ఈయనకి తన పంతమే గానీ మనుషులు పట్టరని ఒళ్లు మండిపోయింది.

సాయంత్రానికి పని పూర్తయింది. ఊరికే వదిలేశాక మొదటి తొక్కు ఎలా పడుతుందో చూడాలని, ఆయన కాసేపు పెడల్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత అమ్మని కూర్చోబెట్టి, "ఒక్కసారే తొక్కమ్మా" అన్నాడు. ఈసారి పెడల్ మొదటి తొక్కుకే కాలికి గట్టిగా తగిలి నిలబడింది. అమ్మ పక్కన తను కూర్చుని, జనం లేని సందులో నెమ్మదిగా పోనిమ్మంటూ, ఆపమంటూ చాలాసేపు తిప్పించాడు. తృప్తిగా తల ఊపాకే చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పంజాగుట్టలో, ఇంకా ఫ్లైఓవర్ లేని రోజులవి, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఒకావిడ చంటిపిల్లని భుజాన వేసుకుని గబుక్కున మా కారుకి అడ్డంగా వచ్చింది. అమ్మ తొక్కింది. కారు ఆగింది. ఆవిడ చీర అంచు మా బంపర్‌ని రాసుకుపోయింది. మా వైపు చూడనైనా చూడకుండా, అవతలి బస్సుకి చెయ్యెత్తుతూ పరుగెత్తింది. చంటిపిల్ల మాత్రం తల్లి భుజం మీంచి మమ్మల్నే చూస్తూ వెళ్లింది. అమ్మ హ్యాండ్ బ్రేకు లాగి నా వైపు తిరిగింది. "రెండోసారి తొక్కే టైమెక్కడుందిరా" అంది. తాతయ్య మీది కోపమంతా పోయి, ఇంటికెళ్లి ఆయన్ని వాటేసుకోవాలనిపించింది.

చేసే పనిలో ‘చాల్లే, ఎవరు చూడొచ్చారు’ అనిపించినప్పుడల్లా నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది. చేసినదంతా విప్పి మళ్లీ మొదలుపెడతాను. ఈ ఊళ్లోనే ఎక్కడో ఆమెకిప్పుడు నడివయసు దాటుతూ ఉంటుంది. మా తాతయ్య అనే మనిషి ఒకడు ఉండేవాడని ఆమెకి ఎప్పటికీ తెలియదు.