ఎనిమిదో మిషనుకు తొమ్మిది

పట్నం పోయి కంప్యూటరు నేర్చుకోవాలని ఇంటింటా ఆశ పుట్టిన కాలంలో, మా చేవెళ్ల ఇంటర్నెట్ దుకాణంలోకి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లు. దుమ్ము పడకుండా దుకాణం నడిపే సారు పెట్టిన షరతు అది. నేను మాత్రం లోపల ఏదో మహిమ ఉన్నందుకే అనుకునేదాన్ని. అక్కడ ఊడ్చి తుడిచే పని నాది. ముప్పై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు, అంకెలు నేర్చుకుని, కనిపించిన బోర్డునల్లా పైకి చదువుతున్న రోజులు. (బస్సులో నా పక్కన కూర్చోవాలంటే మా ఆడబిడ్డ భయపడేది.)

ప్రతి కంప్యూటరు మీదా ఒక చీటీ ఉండేది. దాని మీద చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు. మొదటి మూడూ అన్నిటికీ ఒకటే, చివరిది మాత్రం ఆ మిషను వరస నంబరు. దసరా ఆయుధపూజకు మిషన్లన్నీ తుడిచి పసుపు కుంకుమ పెడుతుంటే తడికి చీటీలు ఊడిపోయాయి. సారు ఊళ్లో లేడు. రాయడం వచ్చిన గర్వంతో అన్నీ నేనే కొత్తగా రాసి అంటించాను. ఎనిమిది దగ్గర చెయ్యి ఆగింది. అది శని అంకె, పూజ పూట ఎందుకని దానికీ తొమ్మిదే వేశాను.

పండగయ్యాక ఎనిమిదో మిషను పాడైతే, సారు బాగుచేసి నా చీటీ మీది అంకెలు చూసే అందులో దాని అడ్రసు కొట్టాడు. మర్నాడు ఎంకపల్లి అమ్మాయి ఒకతె దాని ముందు కూర్చుని కాలేజీ దరఖాస్తు నింపుతోంది. సాయంత్రం అయిదింటికి గడువు ఆఖరు. మిగతా మిషన్లన్నీ నిండి ఉన్నాయి. పేజీ వస్తుంది, పోతుంది. పక్కన తొమ్మిదో మిషను పెద్దాయనా తిట్టుకుంటున్నాడు.

"సార్, అయిదు కొడ్తే నా సీటు పోతది!" అమ్మాయి ఏడుపందుకుంది. సారు తీగలన్నీ పీకి పెట్టి చూశాడు. లాభం లేదు. నేను చీపురు కింద పెట్టి ముందుకొచ్చాను.

"సారూ, దీనికి తొమ్మిది నేనే వేసిన. ఎనిమిది మంచిది కాదని."

సారు నెత్తి పట్టుకున్నాడు. "అక్కా! ఒక్కటే ఇంటి నంబరు రెండిండ్లకు పెడితే ఉత్తరం ఎవరికియ్యాలె? మొదటి మూడంకెలు మన వాడ, చివరిది ఇల్లు. తీగలన్నీ కలిసే గీ డబ్బా అది చూసే పంచుతది."

"మరి కాలేజీ దాకా తోవంత దీనికి ఎర్కేనా?"

"ఏడ ఎర్క! మన వాడది కాకుంటే అవతలి డబ్బాకిస్తది. అది ఇంకోదానికి. ఏదానికైనా ముందటి మలుపే ఎర్క."

నా ఒళ్లు జలదరించింది. మొయినాబాద్ దాటి ఎరగని నేను, మా అమ్మను పట్నం దవాఖానకు తీసుకుపోయిందీ అట్లాగే. ఒకరు చూపిన మలుపు దాకా పోయి, అక్కడ ఇంకొకరిని అడుగుతూ.

సారు ఎనిమిది కొట్టాడు. అమ్మాయి బటను నొక్కింది. డబ్బా మీద పచ్చ దీపాలు గబగబా కొట్టుకున్నాయి. ఎన్ని మలుపులు తిరిగి వచ్చిందో గాని, 'మీ దరఖాస్తు అందింది' అన్న కబురు తప్పిపోకుండా ఆ ఒక్క మిషనుకే వచ్చి చేరింది. అమ్మాయి నన్ను కావలించుకుంది. (తప్పు నాదేనన్న మాట ఆ గాబరాలో విన్నట్టు లేదు.) నేను డబ్బాకు దండం పెట్టాను.

"దానికి గాదు, నాకు పెట్టు," అన్నాడు సారు.

ఇప్పుడు ఫోన్లో పేజీ కాస్త ఆలస్యమైతే ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఏ మలుపు దగ్గర నిలబడి ఎవరిని అడుగుతోందో, పాపం.