నేనిచ్చిన మెత్తటి పట్టీ

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం ఉదయం, ఆ కబురు మొదట తెచ్చింది పక్కింటి అక్క. గడపలోనే కూలబడి, "మన వైర్‌మన్ అన్న పోయిండే! వానలో కరెంటు డబ్బా తలుపు పట్టుకున్నడంట, షాక్ కొట్టిందంట" అని ఏడ్చింది. నేను గోడకు అతుక్కుపోయాను. ఆ తలుపుకు రబ్బరు పట్టీ ఇచ్చింది నేనే.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ కట్టడాల కరెంటు డబ్బాలకు, జనరేటర్లకు పట్టీలు కోసిచ్చే చిన్న దుకాణం మా నాన్నది. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు, లెక్కలు, కీర్తనలు అన్నీ ఆ దుకాణంలో నాన్న దగ్గరే నేర్చుకున్నాను.

అంతకు వారం ముందు, నాన్న జ్వరంతో పడుకుని ఉండగా ఆ వైర్‌మన్ అన్న వచ్చాడు. "చెల్లె, బయట పెట్టే డబ్బా. తలుపుకు పట్టీ కావాలె" అన్నాడు. ఫోమ్ రబ్బరు, స్పాంజ్ రబ్బరు, రెండు చుట్టలూ నల్లగానే ఉంటాయి. నొక్కి చూశాను. మెత్తగా ఉన్నదే తలుపుకు బాగా అతుకుతుందనుకుని ఫోమ్ కోశాను. "నీళ్లు ఆగుతయా?" అని అడిగాడు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి, ఆగుతాయన్నాను. "సేఠమ్మవు నువ్వే చెప్పినంక ఇగ ఫికరేంది!" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

కబురు విన్న ఆ ఉదయం, ఏ చుట్టలోంచి కోశానో చూపిస్తే నాన్న నన్ను కొట్టలేదు. రెండు రకాల ముక్కలూ బకెట్‌లో ముంచి, నా చేతికిచ్చి పిండమన్నారు. స్పాంజ్‌లో బుడగలన్నీ దేనికది మూసుకుని ఉంటాయట, పైతడి తప్ప ఏమీ రాలేదు. ఫోమ్ పిండితే నీళ్లు మోచేతి దాకా కారాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నాన్న నన్ను వైర్‌మన్ అన్న వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. "తప్పు నా దుకాణానిదమ్మా" అని ఆయన అంటుండగానే, "నేనే ఇచ్చాను, తెలియకపోయినా తెలుసన్నాను" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "తెల్వదని ఆనాడే చెప్తే నా కొడుకు మల్లొస్తనని మర్లి పోతుండె బిడ్డా" అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "పొద్దుగాల సంది ఏం తినలే ఈ పిల్ల" అంటూ, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టిన అన్నంలోంచి ఒక ముద్ద నా నోట్లో పెట్టింది.

దేవుడు నన్ను క్షమించాడని నమ్మడానికి ఆ చెయ్యే నాకు ఆధారం. నేటికీ తెలియని సంగతి ఎవరడిగినా "తెలియదు, కనుక్కుని చెప్తాను" అంటాను. అయినా అన్న తిరిగి రాడు. ఆమె కూడా ఇప్పుడు లేదు. మీరు ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు, కొడుకు పోయిన రోజున నా ఆకలి చూసిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.